చట్రం వెనక నిప్పు

నా చేతులతో మొత్తం పది ఫైర్‌ప్లేస్‌లకు చెక్క చట్రాలు కట్టాను. హైదరాబాదు ఇళ్ళలో గోడలో మంట వేసుకునే గూడు ఉండడమే అరుదు. దాని చుట్టూ టేకు చట్రం, పైన ఫొటోలు పెట్టుకునే బల్ల కావాలనేవాళ్ళు ఇంకా అరుదు. అందుకే ఆ పని దొరికిన వడ్రంగికి కొంచెం గర్వం వస్తుంది. నాకూ వచ్చింది. పదో చట్రం వల్ల ఒక ఇల్లు కాలిపోబోయింది. ఆ ఇంట్లో నడవలేని ఒక ముసలమ్మ ఉంది.

నేనుండేది సైదాబాద్‌లో. పని మానేసి రెండేళ్ళయింది. మా ఇంటికి దగ్గర్లో వడ్రంగం నేర్పే చిన్న కేంద్రం ఒకటి నడుస్తోంది. అక్కడి మాస్టారు మొన్న వచ్చి, కొత్తగా చేరినవాళ్ళ కోసం నా అనుభవాలు రాసిమ్మన్నారు. కీళ్ళు ఎలా కలపాలో, పాలిష్ ఎన్ని పూతలు వెయ్యాలో ఇప్పుడు ఫోనులోనే చూసి నేర్చుకోవచ్చు. అవి నేను రాయను. ఈ పనిలో నేను దేనికి భయపడ్డానో, దేనికి భయపడాల్సి ఉండిందో, అది రాస్తాను.

ఉస్తాద్ అరచెయ్యి

నాకు పని నేర్పింది మహబూబ్ ఉస్తాద్. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక ఆయన కార్ఖానా ఉండేది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. కోప్పడితే మాత్రం సందు చివరిదాకా వినపడేది.

మొదటి ఫైర్‌ప్లేస్ పనికి ఆయన వెంటే వెళ్ళాను. తోట మధ్యలో ఒక డాక్టరుగారి పాత బంగ్లా. నేను టేపు తీసి కొలతలు మొదలుపెట్టబోతే ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. డాక్టరుగారితో ముందు మంట వేయించమన్నాడు. కట్టెలు పేర్చి మంట వేశారు. ఉస్తాద్ ఒక కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. గంట కాదు, రెండు గంటలు కాదు, మధ్యాహ్నం భోజనాల వేళ దాకా అలాగే కూర్చున్నాడు. డాక్టరుగారు రెండుసార్లు వచ్చి చూసిపోయారు. నాకు సిగ్గేసింది.

అప్పుడు ఉస్తాద్ లేచి గూడు చుట్టూ గోడ మీద అరచెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. పెట్టి మనసులో పది లెక్కపెట్టుకునేవాడు. కాలితే తీసి కొంచెం దూరంగా పెట్టేవాడు. చెయ్యి నిలిచిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ గుర్తులన్నీ కలిపి గీత గీశాడు. ఆ గీత నుంచి ఇంకో జానెడు వదిలి మళ్ళీ ఒక గీత గీశాడు.

"చెయ్యి నిలబడని జాగల లక్డీ నిలబడదు. సమ్‌జే?" అన్నాడు.

"మంట గూట్లనే ఉంటది గదా ఉస్తాద్. చెక్క దాకా ఎట్లొస్తది?" అని అడిగాను.

"మంట రాదు. వేడి వస్తది. లక్డీ ఒక్కరోజుల అంటుకోదు చారీ. రోజింత, రోజింత లోపల్నుంచి ఎండుకుంట పోతది. బొగ్గయితది. పైకి నీకు ఏం కనబడదు, పాలిష్ చమక్‌మని మెరుస్తనే ఉంటది. ఒకరోజు చిన్న మంటకే అంటుకుంటది. ఆ రోజు నువ్వు ఆడ ఉండవ్. ఆ ఇంటోళ్ళు ఉంటరు."

ఆ మాట విన్నప్పుడు నా వయసు ఇరవై రెండు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఆరో చట్రం నేనొక్కణ్ణే చేశాను. పై బల్ల కొంచెం కిందికి ఉంటే ఫొటోలు బాగా కనపడతాయని ఇంటాయన అడిగితే, సరే అని బెత్తెడు కిందికి దింపి బిగించాను. అప్పగించే రోజు ఉస్తాద్ చూడ్డానికి వచ్చాడు. చూశాడు. నా సంచిలోంచి సుత్తి తీసుకుని, ఇంటాయన కళ్ళ ముందే ఆ బల్లను విరగ్గొట్టాడు. ఇంటాయన అరిచాడు. ఉస్తాద్ చేతులు జోడించి, "మాఫ్ చెయ్యండి సాబ్, మావోడు తప్పు చేసిండు, వారంలో కొత్తది పెడ్తం" అన్నాడు.

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నా పనిని కాదని విరగ్గొట్టిన యజమాని నా జీవితంలో ఆయనొక్కడే. మిగిలినవాళ్ళంతా పని అందంగా ఉందా, అనుకున్న రోజుకు అయిందా అనేదే చూశారు. మీకు అలాంటి ఉస్తాద్ దొరికితే కోపం తెచ్చుకోండి, పర్వాలేదు. కానీ ఆయన్ను వదలకండి.

పాత దుకాణం దర్వాజా

ఏడు చట్రాలు ఆయన నీడలో చేశాను. తర్వాత ఆయనకు చూపు తగ్గింది. కార్ఖానా మూసేసి బార్కస్‌లో కూతురింటికి వెళ్ళిపోయాడు. నేను ఇంటీరియర్ డిజైనర్ల దగ్గర పనికి కుదిరాను. ఎనిమిది, తొమ్మిది, పది చట్రాలు అలా చేసినవే.

పదోది కిషన్ సేఠ్ ఇంట్లో. ఆయనది తరతరాల పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. సైదాబాద్‌లో కొత్తగా ఇల్లు కట్టాడు. కింద గోదాము, పైన రెండంతస్తుల్లో కాపురం. ఆయన తల్లి సావిత్రమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. చలికాలం వస్తే ఆమె మంచం దిగలేకపోయేది. ఎక్కడో కొండల మీద హోటల్లో ఫైర్‌ప్లేస్ ముందు కూర్చుంటే నొప్పి తగ్గిందని ఆమె చెప్పిందట. ఆ ఒక్క మాటకు సేఠ్ పై అంతస్తు హాల్లో, ఆమె గది పక్కనే, ఫైర్‌ప్లేస్ కట్టించాడు. పొగగొట్టంతో సహా నిజమైనదే.

చట్రానికి కొత్త చెక్క వద్దన్నాడు. వాళ్ళు ఒకప్పుడు కాపురమున్న పాత దుకాణం కూల్చినప్పుడు దాచిన దర్వాజా ఉంది. దాని పైకమ్మి మీద మామిడి తీగలు, చిలకలు చెక్కి ఉన్నాయి. అంత చక్కటి పని నేను మళ్ళీ చూడలేదు. సావిత్రమ్మ దాన్ని తడుముతూ, "మా మామ పెట్టిచ్చిండు. నేను పెండ్లయి వచ్చినప్పుడు దీని కిందికెల్లే లోపలికొచ్చిన" అంది.

ఆ పైకమ్మి పొడవే చిక్కు తెచ్చింది. గూడుకు రెండువైపులా వదలాల్సినంత వదిలి నిలువు కమ్ములు పెడితే, పైకమ్మి వాటి మీదికి అందదు. కమ్ములు దగ్గరికి జరిపితే మంటకూ చెక్కకూ మధ్య బెత్తెడు మాత్రమే మిగులుతుంది.

డిజైనర్ పేరు రోహిత్. కుర్రవాడే గానీ గీత బాగా గీస్తాడు, మర్యాదగా మాట్లాడతాడు. అతన్ని చెడ్డవాడిగా రాయను.

"సార్, ఇక్కడ జాగ సరిపోదు. గూడన్న చిన్నగ చేయాలె, లేకపోతే పైకమ్మికి రెండు దిక్కుల ముక్కలు కలపాలె," అని చెప్పాను.

"మధ్యలో మార్బుల్ వస్తోంది కదా చారిగారూ. మార్బుల్ కాలదు. ముక్కలు కలిపితే అతుకుల బొంతలా ఉంటుంది," అన్నాడతను.

"అది కాదు సార్..." అంటుండగానే సేఠ్ వచ్చాడు.

"ఏంది లొల్లి?"

"ఏం లేదు సర్. చారిగారు పాతకాలం లెక్కలు చెప్తున్నారు," అని రోహిత్ నవ్వాడు. సేఠ్ కూడా నవ్వాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

అప్పుడు నేను చెప్పాల్సింది. నా ముందు ఇద్దరూ ఉన్నారు, పని ఇంకా మొదలు కాలేదు, చెక్క కొయ్యలేదు. కానీ రోహిత్ చేతిలో ఇంకో నాలుగిళ్ళ పని ఉంది. ఎదురు మాట్లాడితే ఆ పనులు ఇంకొకడికి వెళ్తాయి. నేనూ నవ్వాను. "చేస్త సార్, డ్రాయింగ్ లెక్కనే చేస్త," అన్నాను.

ఇంకో తప్పు నాది మాత్రమే, అందులో రోహిత్‌కు వాటా లేదు. చట్రం బిగించడానికి గోడ సమంగా లేదు. మార్బుల్ పలకల వెనకాల, చట్రం వెనకాల సన్నటి చెక్క రీపర్లు గోడకు మరలతో బిగించి, వాటి మీద అన్నీ నిలబెట్టాను. పని త్వరగా అయింది, నున్నగా వచ్చింది. ఎనిమిదో ఇంట్లో, తొమ్మిదో ఇంట్లో కూడా అలాగే చేశాను. అంటే, బయటికి కనపడే చెక్కను మంటకు బెత్తెడు దూరంలో పెట్టి, కనపడని చెక్కను దాదాపు మంట పక్కనే పెట్టాను. మంట వేసి అరచెయ్యి పెట్టి చూడలేదు. గృహప్రవేశం దగ్గరపడిందని నాకు నేను చెప్పుకున్నాను.

గృహప్రవేశం రోజున అందరూ ఆ చట్రం ముందు నిలబడి ఫొటోలు దిగారు. నేనూ దిగాను.

మాడిన బెల్లం వాసన

మొదటి చలికాలం చివర్లో సేఠ్ ఫోన్ చేశాడు. "చారీ, కుడిదిక్కు పాలిష్ జెర నల్లబడ్డది. వచ్చి చూసిపో."

వెళ్ళాను. సావిత్రమ్మ గూటి ముందు పడక కుర్చీలో కూర్చుని ఉంది. మంట లేదు, బూడిద ఉంది. నన్ను చూసి దగ్గరికి రమ్మంది.

"బిడ్డా, మంటేసినప్పుడల్లా బెల్లం మాడిన వాసన వస్తది. నేను చెప్తే మా కోడలు అగర్‌బత్తీ అంటది, కిషన్ పొయ్యి మీదిది అంటడు. నువ్వు చెప్పు, ఏం వాసన అది?"

నేను మోకాళ్ళ మీద కూర్చుని కుడి కమ్మి దగ్గర ముక్కు పెట్టాను. వాసన ఉంది. తియ్యగా, మాడినట్టు. కీలు దగ్గర వెంట్రుకంత సందు విడింది. సందులో చెక్క కాఫీ రంగులో కనపడింది. టేకు రంగు అలా ఉండదు.

ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. చెవుల్లో ఉస్తాద్ గొంతు వినపడింది.

చట్రం తీసి చూడాలంటే చిలకల కమ్మి దించాలి, మార్బుల్ పగలగొట్టాలి, రీపర్లు పెట్టింది నేనేనని ఒప్పుకోవాలి. సేఠ్ నా వెనకే నిలబడి ఉన్నాడు. నేను సందులో లప్పం నింపాను. గరుకు కాగితంతో రుద్దాను. రెండు పూతలు పాలిష్ వేశాను. చేతులు వాటంతట అవే పని చేశాయి.

"పాలిష్ వాసనమ్మా. రెండు నెలలల్ల పోతది," అన్నాను.

సావిత్రమ్మ నా మొహంలోకి చూసింది. "అంతేనా?" అంది.

"అంతే."

చెక్కపనిలో ఎన్నో వంకర పనులు చేశాను, పాడు చేశాను, దిద్దుకున్నాను. కానీ ఆ 'అంతే' అన్న మాట లాంటి తప్పు ఇంకొకటి చెయ్యలేదు. దాన్ని దాచకుండా ఎందుకు రాస్తున్నానంటే, అది ఎంత సులువుగా నోటివెంట వస్తుందో మీకు తెలియాలి.

ఆ తర్వాత నా బతుకు బతుకులా లేదు. ఎండాకాలం కొంచెం మరిచాను. వానలు తగ్గగానే మళ్ళీ మొదలైంది. ఏ పనికి వెళ్ళినా సేఠ్ ఇంటి ముందు నుంచే వెళ్ళేవాణ్ణి. తల ఎత్తి పొగగొట్టం చూసేవాణ్ణి. పొగ లేకపోతే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఫైరింజన్ గంట వినపడితే చేతిలో ఉలి ఆగిపోయేది, అది ఎటు వెళ్తుందో చెవులు రిక్కించి వినేవాణ్ణి. ఫోన్ మోగితే పేరు చూడ్డానికి భయం. అన్నంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంటే మా ఆవిడ, "ఏం ఫికర్ పట్టుకున్నది నీకు? ఎవలకన్న బాకీ ఉన్నవా?" అని అడిగేది. ఏం లేదనేవాణ్ణి. కలలో సావిత్రమ్మ కుర్చీలో కూర్చుని నన్ను వాసన ఏమిటని అడుగుతూనే ఉండేది.

ఒకరోజు పొద్దున బాగా చలిగా ఉంది. ఆ వీధిలో వెళ్తూ తల ఎత్తాను. పొగ వస్తోంది.

బార్కస్‌లో

అక్కణ్ణుంచి పనికి వెళ్ళలేదు. కాళ్ళు నన్ను బార్కస్ తీసుకెళ్ళాయి.

ఉస్తాద్ వరండాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు పూర్తిగా పోయింది. నా రెండు చేతులూ పట్టుకుని వేళ్ళు తడిమి, "చారీ" అన్నాడు. అంతా చెప్పాను. బెత్తెడు జాగా, రీపర్లు, అంతా.

"వాసన వచ్చిందా?" అని అడిగాడు చివరికి.

"వచ్చింది ఉస్తాద్. పోయిన చలికాలం."

"అప్పుడు ఏం చేసినవ్?"

"పాలిష్ కొట్టిన."

ఆయన నా చేతులు వదిలేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. గోడవైపు తిరిగాడు.

"మరి ఇక్కడ ఏం చేస్తున్నవ్?" అన్నాడు. "ఉఠ్! పో! చట్రం ఉత్తగ తీయకు. తీస్తే గాలి తగుల్తది, లోపల నిప్పు లేస్తది. ముందు ముసలమ్మను కిందికి పంపు. గూట్లె మంట ఆర్పు. కరెంటు బంద్ చెయ్యి. నీళ్ళు, తడి గోనెలు పక్కకు పెట్టుకో. తర్వాత తియ్యి."

ఆటో ఎక్కాను. దారిలో సేఠ్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడుసార్లు చేశాను.

తీసిన రోజు

ఇంటి నిండా చుట్టాలున్నారు. వ్రతం అయ్యి భోజనాలు నడుస్తున్నాయి. పై హాల్లో పిల్లలు గూటి ముందు జంపఖానా మీద ఆడుకుంటున్నారు. పొద్దుట్నుంచీ ఆగకుండా మంట వేస్తున్నారట. సావిత్రమ్మ తన కుర్చీలో ఉంది. నేను మెట్ల దగ్గరే సేఠ్‌ను పట్టుకున్నాను.

"సేఠ్, మంట ఆర్పాలె. చట్రం తీయాలె. ఇప్పుడే."

"పిచ్చిగిన లేసిందా? ఇంటినిండ చుట్టాలున్నరు. రేపు రా."

"రేపటిదాంక ఆగొద్దు సేఠ్."

ఆయన విసుక్కుని రోహిత్‌కు ఫోన్ కలిపి, నాకు వినపడేలా పెట్టాడు. "ఏం కాదు సర్. మార్బుల్ ఉంది కదా. పెద్దాయన కంగారు పడుతున్నారు," అన్నాడు రోహిత్. సేఠ్ మొహం తేలికపడింది. "ఇన్నవ్ గదా?" అన్నాడు నాతో.

అప్పుడు తిరిగి వెళ్ళిపోవచ్చు. చెప్పాను, వినలేదు అనుకోవచ్చు. నిజం చెప్తున్నాను, ఆ ఆలోచన వచ్చింది. కానీ జంపఖానా మీద పిల్లలు కనపడుతున్నారు. నేను వాళ్ళను దాటుకుని వెళ్ళి, కుడి కమ్మికి బిగించిన ఇత్తడి మర మీద వేలు పెట్టాను. చర్రుమంది. చర్మం అక్కడే అంటుకుంది.

"సేఠ్, ఒక్కసారి ఇక్కడ చెయ్యి పెట్టు. ఒక్కసారి."

ఆయన పెట్టి, వెంటనే వెనక్కి లాక్కున్నాడు. చెక్క గోరువెచ్చగా ఉంది, మర మాత్రం పెనంలా ఉంది. గోడలో దాని మొన ఉన్నచోట ఏముందో ఆయనకు అర్థమైంది.

"కిషన్," అంది సావిత్రమ్మ. "యాడాది సంది నేను చెప్తనే ఉన్న. తియ్యమను."

తర్వాత ఎవరూ వాదించలేదు. ఆడవాళ్ళు పిల్లల్ని కిందికి తీసుకెళ్ళారు. గోదాము నుంచి వచ్చిన ఇద్దరు హమాలీలు సావిత్రమ్మను కుర్చీతో సహా ఎత్తుకుని మెట్లు దించారు. సేఠ్ మెయిన్ స్విచ్ ఆపి ఫైరింజన్‌కు ఫోన్ చేశాడు. పప్పుల వ్యాపారి ఇల్లు కాబట్టి గోనె సంచులకు కొదవ లేదు. యాదయ్య అనే హమాలీ ఇరవై సంచులు నీళ్ళలో ముంచి పైకి తెచ్చి కుప్ప పోశాడు. నేను గూట్లో కట్టెలు, నిప్పులు ఇనుప తట్టలోకి ఎత్తి, మిగిలినదాని మీద ఇసక పోశాను.

మరలు విప్పి, కుడి కమ్మి కింద ఇనుప కడ్డీ పెట్టి ఎత్తాను. కమ్మి వచ్చేసింది. ఏ మంటా లేదు. సన్నగా ఉస్సుమన్న చప్పుడు మాత్రం వినపడింది.

వెనక రీపర్ నల్లగా, నిలువునా బీటలు బారి ఉంది. బీటల్లో ఎర్రటి చుక్కలు. నేను చూస్తుండగానే అవి పెద్దవయ్యాయి. ఒకదానితో ఒకటి కలిశాయి. ఒక్కసారిగా మంట లేచి, చిలకల కమ్మి వెనకనుంచి పైకి, ఫాల్స్ సీలింగ్ లోపలికి పాకింది.

అంత భయం నేను ఎన్నడూ ఎరగను. నా కాళ్ళు కదల్లేదు. చిలకల కళ్ళ సందుల్లోంచి వెలుగు కనపడింది. యాదయ్య నన్ను పక్కకు నెట్టి తడి గోనె విసిరాడు. "అన్నా, పై కమ్మి గుంజు! గుంజు!" అని అరిచాడు. ఆ అరుపుతో నాకు కదలిక వచ్చింది. కమ్మిని రెండు చేతులతో పట్టుకుని లాగాను. అది మంటతోనే నా మీదికి వచ్చింది. సేఠ్ దాని మీద బిందె కుమ్మరించాడు. గోనె మీద గోనె, బిందె మీద బిందె. పొగలో ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. దగ్గు ఒక్కటే వినపడింది.

ఫైరింజన్ వాళ్ళు వచ్చేసరికి మంట ఆరింది. వాళ్ళు అక్కడితో ఆగలేదు. సీలింగ్ పగలగొట్టి చూస్తే, గూటి నుంచి రెండు బారల దూరంలో ఇంకో చెక్క లోపల కణకణమంటోంది. మేము చూసుకుని ఉండేవాళ్ళం కాదు. మీరు ఇది గుర్తు పెట్టుకోండి. ఆరిందనుకున్న చోట ఆరి ఉండదు.

వాళ్ళ నాయకుడు చేతి దీపంతో ఆ చెక్క వెంట చూసుకుంటూ వెళ్ళి, "ఈ గోడ అవతల ఏమున్నది?" అని అడిగాడు.

"మా అమ్మ పండుకునే గది," అన్నాడు సేఠ్.

సేఠ్ అడిగిన మాట

కింద గోదాములో బస్తాల మీద కూర్చున్నాం. నా ఎడమ చెయ్యి బకెట్ నీళ్ళలో ఉంది. సేఠ్ చొక్కా అంతా మసి. సావిత్రమ్మ కుర్చీ పక్కనే ఉంది.

"చారీ," అన్నాడాయన. "పోయినేడు పాలిష్ కొట్టనీకి వచ్చినవ్. అప్పుడే తెల్సా నీకు?"

అప్పుడు తెలియదని చెప్తే నమ్మేవాడు. ఇల్లు కాపాడిన మనిషిగా ఆ ఇంట్లో నన్ను చూసుకునేవారు.

"తెల్సు సేఠ్."

"రోహిత్‌కు?"

"ఆయనకు తెల్వది. చెక్కలు గోడకు పెట్టింది నేను. వాసన తెల్సింది నాకు."

సేఠ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది కోపమో భయమో చెప్పలేను. "మా అమ్మ ముంగట కూసొని, అంతే అని చెప్పినవ్ గదనే," అన్నాడు. "పో. మల్ల నా గడప తొక్కకు."

సావిత్రమ్మ నన్ను వెనకేసుకు రాలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. "యాదయ్యా, ఆయన చెయ్యి కాలింది. దవాఖానకు తీస్కపో," అంది. అంతే.

చిలకల కమ్మి సగానికి పైగా కాలిపోయింది. మిగిలిన ముక్కను ఏం చేశారో నాకు తెలియదు.

రెండు రోజుల తర్వాత రోహిత్ ఫోన్ చేశాడు. "మీరు అప్పుడే గట్టిగా చెప్పాల్సింది చారిగారూ," అన్నాడు. ముందు ఒళ్ళు మండింది. నవ్వింది నువ్వు కాదా అనబోయాను. ఆగిపోయాను. అతను నవ్వినంత మాత్రాన నేను నోరు మూసుకోనక్కర్లేదు. నేను భయపడాల్సింది నిప్పుకు, భయపడింది మాత్రం అతనికి. మీరు చేరబోయే పనిలో ఈ రెండు భయాలూ రోజూ ఉంటాయి. నాకున్న అనుభవంతో చెప్తున్నాను, రెండోది ఎప్పుడూ ఎక్కువ అరుస్తుంది.

మిగిలిన తొమ్మిది ఇళ్ళు

చెయ్యి మానాక కొత్త పని ఒప్పుకోలేదు. ఒక కాగితం మీద మిగిలిన తొమ్మిది ఇళ్ళూ రాసుకుని ఒక్కొక్కటే తిరిగాను. ప్రతి తలుపు దగ్గరా అదే భయం. లోపల ఏం కనపడుతుందో అని ఒకటి, ఏమని చెప్పాలో అని ఇంకొకటి.

ఉస్తాద్ దగ్గర చేసిన ఏడింటిలో రెండిళ్ళు కూల్చేశారు. ఒకదాంట్లో గూడు పూడ్చి టీవీ పెట్టారు. నాలుగు తీసి చూశాను. వెనక చెక్క కొత్తదానిలా ఉంది. చెయ్యి పెట్టి వాసన చూసి మళ్ళీ బిగించాను.

ఎనిమిదోది ఒక స్కూల్ టీచరమ్మ ఇల్లు. తీస్తే రీపర్ గోధుమ రంగుకు తిరిగింది. నల్లబడలేదు. అన్నీ పీకేసి, గూటి చుట్టూ వెడల్పుగా రాయి పెట్టించి, చెక్కను దూరంగా జరిపాను. ఆమె నన్ను పిల్లల్ని తిట్టినట్టు తిట్టింది. తర్వాత టీ ఇచ్చింది.

తొమ్మిదో ఇంటి గేటు దాటలేకపోయాను. వాచ్‌మన్ లోపలికి పంపలేదు. "సార్ లేరు, మేడమ్ లేరు, నంబర్ ఇయ్యొద్దన్నరు" అనేవాడు. నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. గేటు దగ్గర నిలబడి అరిచాను. వాచ్‌మన్ నన్ను తోసేశాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. 'మీ ఫైర్‌ప్లేస్ చట్రం చేసింది నేను. గోడకు చెక్కలు పెట్టి తప్పు చేశాను. వెనక నిప్పు ఉండొచ్చు. నేను వచ్చి చూసేదాకా దయచేసి మంట వెయ్యకండి.' కింద పేరు, ఫోన్ నంబరు రాశాను. 'తప్పు చేశాను' అని రాసేటప్పుడు కలం రెండుసార్లు ఆగింది. మా అమ్మాయి అదే ఇంగ్లిష్‌లో రాసిచ్చింది. వాచ్‌మన్ చేతిలో పెట్టి, "బాపు, ఇది పారెయ్యకు, నీ కాళ్ళు మొక్కుత" అన్నాను.

పదకొండు రోజులు ఏమీ లేదు. పన్నెండో రోజు పొద్దున ఒక ఆడమనిషి ఫోన్ చేసింది.

"చారిగారేనా? మీరు ఉత్తరం ఇచ్చిన రోజే ఊరెళ్ళాం, నిన్ననే వచ్చాం. మీ ఉత్తరం చూశాను. మంట వెయ్యలేదు. ఎప్పుడు రాగలరు?"

"ఇప్పుడే వస్తున్ననమ్మా," అన్నాను.

గంటలో వెళ్ళాను. ఆమె తలుపు తీసి, నా వెనకే నిలబడింది. మరలు విప్పి చట్రం ఎత్తాను. గోడ పక్కన రీపర్ ఒకవైపు నల్లగా ఉంది. వేలితో నొక్కితే పొడి రాలింది. దాన్ని పీకి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అరచేయంతా మసి అయింది.

"ఇంకా ఎన్నాళ్ళు ఆగేది ఇది?" అని అడిగింది.

"తెల్వదమ్మా," అన్నాను. నిజంగానే నాకు తెలియదు.